తెరమీది నగరము

మనము ఎన్నడును చూడని ఊళ్లు కొన్ని మనకు చిరపరిచితములై యుండును. రామాయణము వినిన బాలునకు అయోధ్య వీథులు తెలియును. కథ చెప్పిన అవ్వ మాటల వెంట అతడు ఆ వీథులలో తిరిగియే యుండును. పూర్వము ఈ పని పురాణ శ్రవణము వలనను, హరికథల వలనను, ఒగ్గుకథల వలనను జరుగుచుండెను. ఇరువదవ శతాబ్దమున చలనచిత్రము కూడ ఆ పనికి పూనుకొనెను. తెరమీద చూచిన నగరము నొకదానిని ప్రేమించి, పెద్దదైన పిమ్మట దానిని కన్నులార చూడబోయిన యొక తెలుగు బాలిక కథ ఇది.

కోరుట్ల పట్టణము జగిత్యాల జిల్లాలో, నిజామాబాదు నుండి జగదల్‌పూరునకు పోవు జాతీయ రహదారి మీద నున్నది. చుట్టును వరియు, పసుపును పండు పొలములు. ఆ పట్టణమున పెక్కు ఇండ్లలో స్త్రీలు చేటలు ఒడిలో నుంచుకొని తునికి ఆకుతో బీడీలు చుట్టుచుందురు. పురుషులలో ననేకులు బ్రతుకు తెరువు వెదకుకొనుచు దుబాయి, మస్కటు మొదలగు గల్ఫు పట్టణములకు పోవుదురు. ఆ బాలిక తండ్రియు అట్లు పోయినవాడే. అతడు దుబాయిలో తాపీపని చేయుచు, రెండేండ్ల కొకసారి రెండు నెలల సెలవు మీద ఇంటికి వచ్చుచుండెను. తల్లి బీడీలు చుట్టి ఇల్లు గడుపుచుండెను.

బాలిక మాతామహుడు సిరిసిల్లవాడు. సిరిసిల్ల మానేరు ఒడ్డున నున్న నేత పట్టణము. అచ్చటివారు మరమగ్గమును సాంచ అందురు. పగలనక రాత్రియనక సాంచల చప్పుడు ఆ వీథులలో వినవచ్చుచుండును. తాత యౌవనమున చేతిమగ్గముతో బ్రతుకు సాగక మహారాష్ట్రములోని భీవండికి వలసపోయి, కొన్ని యేండ్లు అచ్చట సాంచల మీద పనిచేసి తిరిగి వచ్చెను. ఆయనకు పాటలన్న ప్రాణము. సమీపమున నున్న హనుమాజీపేటలో 1931వ సంవత్సరమున జన్మించి, సిరిసిల్లలో చదువుకొని, మహాకవియై, సినిమా పాటల రచయితయై పేరుగాంచిన సి. నారాయణరెడ్డిగారిని తలచుకొని ఆయన, "పాట చిన్న ఊరిలోనే పుట్టును బిడ్డా! పెద్ద ఊరికి అది నడిచి పోవును" అనుచుండెడివాడు.

ఒక సెలవునకు తండ్రి దుబాయి నుండి వచ్చుచు సినిమాలు చూపు చిన్న యంత్రమును, కొన్ని డిస్కులను తెచ్చెను. వానిలో 'ది సౌండ్ ఆఫ్ మ్యూజిక్' అను ఆంగ్ల చిత్రము ఒకటి. 1965వ సంవత్సరమున విడుదలయై, ఐదు ఆస్కారు బహుమానములను పొంది, లోకమంతటను పిల్లల మన్ననకు పాత్రమైన చిత్రమది. బాలికకు అప్పటికి ఆంగ్లము రాదు. అయినను కథ తెలిసెను. మఠములో సన్న్యాసము పుచ్చుకొన దలచిన మరియా యను యువతి, అల్లరి మానలేక, ఏడుగురు పిల్లలు గల యొక నౌకాసేనాధిపతి ఇంటికి బోధకురాలుగా పంపబడును. భార్య పోయిన దుఃఖమున ఆ తండ్రి పిల్లలను ఈలవేసి పిలుచుచు, సిపాయిలవలె నడిపించుచుండును. మన పిల్లలకు సరిగమలు నేర్పినట్లు మరియా వారికి స్వరములు నేర్పును. పాటతో ఇంటికి ప్రాణము వచ్చును. తండ్రి మనసు కరగి ఆమెను వివాహమాడును. అంతలో హిట్లరు సైన్యములు వారి దేశమును ఆక్రమించును. వానికి కొలువు చేయనొల్లక ఆ కుటుంబమంతయు రాత్రివేళ ఇల్లు విడిచి, కొండలు దాటి పోవును.

ఆ చిత్రమున కనబడు నగరము సాల్జ్‌బర్గు. ఆస్ట్రియా దేశములోనిది. కొండమీది తెల్లని కోట, నది, పూలతోట మెట్లు, గుఱ్ఱముల శిల్పములు గల జలయంత్రము - ఇవన్నియు ఆమెకు తమ వాడకట్టువలెనే తెలియును. తండ్రి తిరిగి పోవుటకు ముందురాత్రి ప్రతిసారియు ఆ చిత్రమును పెట్టుమనునది. కడపటి దృశ్యమున ఆ తండ్రి పిల్లలను విడిచి ఒంటరిగా పోడు. అందరును కలిసియే కొండ ఎక్కుదురు. ఆమె దాని కొరకే మేలుకొని యుండునది.

"బాపూ! ఆ ఊరు ఎక్కడ నున్నది?" అని ఒకనా డామె అడిగెను.

"దూరము బిడ్డా."

"దుబాయి కంటెనా?"

"దుబాయి కంటెను దూరమే."

"అచ్చటికైతే అందరము కలిసి పోవచ్చునా?"

తండ్రి మారు పలుకలేదు. మరునాడు తెల్లవారక ముందే అతడు బస్సెక్కి పోయెను.

బాలిక ఉన్నత పాఠశాల చదువు జగిత్యాలలో మేనమామ ఇంట సాగెను. ఆ ఇంటినుండి బడికి పోవు దారి జగిత్యాల కోట ప్రక్కగా పోవును. కోట చుట్టును కందకము, లోన పాత ఫిరంగులు. ఏండ్ల తరబడి ఆమె ఆ గోడ నీడన నడిచెను గాని, తల యెత్తి చూచినది తక్కువ. అది ఆమెకు ఎండవేళ నీడనిచ్చు గోడ మాత్రమే. పిమ్మట కొండగట్టునకు చేరువనున్న నాచుపల్లి ఇంజనీరింగు కళాశాలలో పట్టభద్రురాలై, పై చదువునకు జర్మనీ దేశములోని మ్యూనిక్ నగరమునకు పోయెను. తాత భీవండికి, తండ్రి దుబాయికి, మనుమరాలు జర్మనీకి - మూడు తరములు మూడు త్రోవలు పట్టిన కుటుంబమది.

మ్యూనిక్ నుండి సాల్జ్‌బర్గు రైలులో రెండు గంటల ప్రయాణము. వసంతకాలమున ఒక శనివారము ఆమె బయలుదేరెను. దారి పొడుగునను పచ్చిక బయళ్లు, వాని వెనుక మంచు కప్పిన కొండలు. రైలు దిగి నది యొడ్డునకు రాగానే కొండమీది కోట కనబడెను. అది తెరమీద చూచిన చోటనే, చూచినట్లే యుండెను. ఆమెకు కన్నులు చెమర్చెను. క్రొత్త ఊరికి వచ్చినట్లుగాక, మరచిన ఊరికి తిరిగి వచ్చినట్లుండెను.

సాల్జ్‌బర్గు అనగా ఉప్పుకోట అని అర్థము. సమీపమున నున్న గనులనుండి తీసిన ఉప్పును సాల్జాఖ్ నది మీద పడవలలో పంపి ఆ నగరము ధనవంతమయ్యెను. ఉప్పును 'తెల్ల బంగారము' అనెడివారు. క్రైస్తవ మతాధిపతులే రాజులై 1803 వరకు ఆ రాజ్యము నేలిరి. 1077వ సంవత్సరమున మొదలుపెట్టి వారు కట్టిన కొండకోట నేటికిని చెక్కుచెదరక నిలిచి యున్నది. సంగీత విద్వాంసుడు మోజార్టు 1756 జనవరి 27న ఆ నగరములోనే జన్మించెను. 1920 నుండి అచ్చట వేసవిలో సంగీత నాటకోత్సవములు జరుగుచున్నవి. నగరములోని ప్రాచీన భాగమును 1996లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించెను.

ఆమె ముందుగా మిరబెల్ ఉద్యానమునకు పోయెను. పిల్లలు స్వరములు పాడుచు ఎగిరిన మెట్లు అచ్చటనే కలవు. వివిధ దేశములనుండి వచ్చిన యాత్రికులు ఆ మెట్లపై నిలిచి చిత్రములోనివారివలె చేతులు చాచి ఫొటోలు తీసికొనుచుండిరి. ఆమెయు మెట్లెక్కెను. పైమెట్టు మీదినుండి చూడగా పూలపాదుల కావల, నగరపు శిఖరముల మీదుగా కొండకోట కనబడుచుండెను.

అచ్చట బల్లపై నొక వృద్ధురాలు కూర్చుండి యుండెను. యువతి సంతోషము పట్టలేక ఆమెతో ఆంగ్లమున మాట కలిపి, "మీరు అదృష్టవంతులు! ప్రతిదినమును ఆ చిత్రములో తిరుగుచున్నట్లే కదా!" అనెను.

వృద్ధురాలు చిరునవ్వు నవ్వి, "అమ్మాయీ! నే నిచ్చటనే పుట్టితిని. ఆ చిత్రమును మొదటినుండి తుదివరకు ఒక్కసారియు చూడలేదు. మావారిలో పెక్కురు చూడలేదు. అది మీరు చూచిన సాల్జ్‌బర్గు. మాది వేరు" అనెను.

యువతి తెల్లబోయెను. వృద్ధురాలు కొండవైపు చూపి, "ఆ కోటను చూచితివా? అది 1077 నాటిది. మీ ఊరిలో కోట యేమైన కలదా?" అని అడిగెను.

"కలదు. దాని ప్రక్కనుండియే నేను బడికి పోవుచుంటిని."

"ఎప్పటిది? ఎవరు కట్టిరి?"

యువతికి సమాధానము తోచలేదు. సాల్జ్‌బర్గు కోట బురుజులను కన్నులు మూసికొని గుర్తింపగలదు. జగిత్యాల కోటను గూర్చి ఒక్క మాట చెప్పలేకపోయెను. సిగ్గుతో తల వంచుకొనెను. వృద్ధురాలు ఆమె చేయి తట్టి, "నీవు ఈ ఊరిని ప్రేమించి వచ్చితివి. మంచిదే. ఇప్పుడు దానినే అడిగి తెలిసికొనుము" అని లేచి పోయెను.

ఆ మాట ఆమెకు నాటెను. అంతవరకు చిత్రమున కనబడిన చోట్లను వెదకిన ఆమె, పిమ్మట చిత్రమున కనబడని సంగతులను వెదకసాగెను.

మరియా యను స్త్రీ నిజముగా నుండెను. నగరములో, కోటకొండ ప్రక్కనే, క్రీ. శ. 714 ప్రాంతమున స్థాపింపబడిన నొన్‌బెర్గు సన్న్యాసినుల మఠమునుండి ఆమె 1926లో గియోర్గు ఫాన్ ట్రాప్ అను నౌకాసేనాధిపతి ఇంటికి వచ్చెను. అయితే ఏడుగురికిని కాదు, జబ్బుపడి బడికి పోలేని యొక్క బాలికకు చదువు చెప్పుటకు వచ్చెను. 1927లో వారి వివాహము ఆ మఠములోనే జరిగెను. చిత్రములోని వివాహమును మోండ్‌జే అను వేరొక ఊరి దేవాలయమున తీసిరి. చిత్రములో ఏడుగురు పిల్లలు. నిజముగా ఆ కుటుంబమున పిల్లలు పదిమంది. చిత్రములోని తండ్రి కఠినుడు. అసలు తండ్రి మరియా రాకముందే పిల్లలతో కలిసి పాడిన సౌమ్యుడని అతని సంతానమే చెప్పిరి. వారు ఊరూర పాడుటకు కారణము సంతోషమొక్కటే కాదు. బ్యాంకు దివాలా తీయగా వారి సొమ్ము పోయెను. పాట వారికి జీవనాధారమయ్యెను. చిత్రములో ఆ తండ్రి తన దేశమును తలచుకొని పాడు తెల్లపూవు పాట ఆస్ట్రియా ప్రజల పాత పాటయని లోకులు తలతురు. అదియు అమెరికా రచయితలు రంగస్థల నాటకము కొరకు 1959లో కట్టినదే.

ఆశ్చర్యకరమైన సంగతి వేరొకటి కలదు. సాల్జ్‌బర్గునుండి ఆ కొండ ఎక్కి ఆవలి ప్రక్కకు దిగినచో చేరునది స్వేచ్ఛాదేశము కాదు, జర్మనీయే. హిట్లరు కొండనివాసము అచ్చటికి చేరువనే యుండెను. ఆ కుటుంబము చిత్రములో చూపినట్లే పోయియుండినచో శత్రువు ముంగిటికే పోయి యుండును.

మధ్యాహ్నమున ఆమె రెసిడెంజ్ చౌకమునకు పోయెను. చౌకము నడుమ గుఱ్ఱముల శిల్పములతో పెద్ద జలయంత్రము కలదు. చిత్రములో మరియా పాడుచు నీళ్లు చిమ్మినది అచ్చటనే. బాల్యమున ఆ దృశ్యము చూచి ఆమె పెరటి కుండలోని నీళ్లు చిమ్మి తల్లిచేత తిట్లు తినెను. ఆ చౌకముననే పుస్తకముల జ్ఞాపకార్థము నిలిపిన యొక చిహ్నము ఆమె కంటబడెను. 1938 మార్చి 12న జర్మను సైన్యములు ఆస్ట్రియాలో ప్రవేశించెను. ఏప్రిల్ 30న నాజీలు ఈ చౌకమున, జనులు గుమిగూడి చూచుచుండగా, యూదు రచయితల పుస్తకములను, తమకు గిట్టని యితర రచయితల పుస్తకములను కుప్పవేసి తగులబెట్టిరి. ఎనుబది యేండ్లకు, 2018లో, నగరవాసులు ఆ చోటనే స్మారక చిహ్నమును నిలిపిరి. తమ పూర్వులు చేసిన తప్పును దాచక, నలుగురు నడచుచోటనే చూపుకొనిరి. ఆమె ఆ చిహ్నము చెంత చాలసేపు నిలిచెను. నీళ్లు చిమ్మిన చౌకము, పుస్తకములు కాలిన చౌకము ఒక్కటే. ఒకటి తెలిసినంత మాత్రమున రెండవది తెలిసినట్లు కాదు.

పొద్దు వాలుచుండగా ఆమె నగరపు అంచున నున్న ఐగెన్ అను చోటికి పోయెను. ఫాన్ ట్రాప్ కుటుంబము నిజముగా కాపురమున్న ఇల్లు అచ్చట కలదు. ఇంటి చెంతనే రైలు దారి. హిట్లరు ప్రభుత్వము ఆ సేనాధిపతికి తమ నౌకాదళమున కొలువిచ్చెదమనెను. అతడు నిరాకరించెను. నిరాకరించినవాడు ఇక అచ్చట నుండుట క్షేమము కాదు. 1938 వేసవిలో ఆ కుటుంబము ఇల్లు వాకిలి విడిచి, రైలెక్కి ఇటలీకిని, అటనుండి అమెరికాకును పోయెను. అప్పటికి పిల్లలు తొమ్మండుగురు. పదవవాడు అమెరికాలో జన్మించెను. వారు విడిచిపోయిన ఇంటిని తరువాత హిమ్లరు అను నాజీ నాయకుడు ఆక్రమించుకొనెను.

కొండ లేదు. పాట లేదు. చిన్న రైలు స్టేషను మాత్రము కలదు. ఆమె ఆ ప్లాటుఫారము మీద నిలిచి, తండ్రికి ఫోను చేసెను. అతడప్పటికి గల్ఫు కొలువు చాలించి కోరుట్లకు వచ్చి యుండెను.

"బాపూ! వారు కొండ ఎక్కి పోలేదట. రైలెక్కి పోయిరట. పిల్లలను వెంటబెట్టుకొని, మూటలు మోసికొని పోయిరట."

కొంతసేపు ఆవలినుండి మాట రాలేదు. పిమ్మట తండ్రి, "నేను అట్లే అనుకొంటిని బిడ్డా. పోవువాడెవడును పాడుచు పోడు. వెనుకకు తిరిగి చూడక పోవును. తిరిగి చూచినచో కాళ్లు కదలవు" అనెను.

"మరి నాకు చెప్పలేదేమి?"

"నీకు ఆ కొండ ఇష్టము కదా."

తెల్లవారక ముందే బస్సెక్కిన తండ్రి ఒక్కసారియైన ఎందుకు వెనుదిరిగి చూడలేదో ఆమెకు ఆనాడు తెలిసెను. చిన్ననాట అది అతని కఠినత్వమని తలచి ఆమె ఏడ్చి యుండెను.

మరుసటి యేడు సెలవులలో ఆమె స్వగ్రామమునకు వచ్చినపుడు తండ్రిని వెంటబెట్టుకొని జగిత్యాలకు పోయెను. వచ్చుటకు ముందే ఆ కోటను గూర్చి చదివి యుండెను. దానిని 1747 ప్రాంతమున, నిజాము ప్రభువుల కాలమున, ఫ్రెంచి ఇంజనీరుల చేత కట్టించిరని ప్రసిద్ధి. మన ప్రాంతపు కొండకోటలవలె గాక, అది సమతలమున నక్షత్రాకారముగా నున్నది. ఫిరంగి గుండ్లను ఎదుర్కొనుటకు యూరపు దేశములలో కట్టిన కోటల తీరు అది. కోణములుగా పొడుచుకొని వచ్చిన గోడలనుండి నలువైపులను కాపు కాయవచ్చును. ఆ ఇంజనీరుల పేర్లు జాక్, టాల్ అనియు, వానినుండియే జగిత్యాల పేరు పుట్టినదనియు స్థానికులు చెప్పుకొందురు. ఆమె యూరపును చూచుటకు వేల మైళ్లు పోయెను. ఆ యూరపు పనివారి చేతిపని ఆమె బడిదారిలోనే యుండెను.

తండ్రి గోడ దగ్గరకు పోయి, రాళ్ల నడుమనున్న సున్నమును వ్రేలితో తడవి చూచెను. తాపీపనివాని కన్ను అది. "గట్టిపని" అనెను. ఇంకను కొంతసేపు చూచి, "ఎంత దూరమునుండి వచ్చిరో! వారికిని ఇంటివద్ద పిల్లలుండిరో ఏమో!" అనెను.

దుబాయిలో అతడు కట్టిన మేడల నీడలో ఏ పిల్లలు బడికి పోవుచున్నారో అతనికి తెలియదు. ఆ పిల్లలకును అతడు తెలియడు. ఆమె తండ్రి చేయి పట్టుకొనెను. ఇరువురును కందకము వెంట కోట చుట్టును నడిచిరి. ఆమె ఆ కోటను మొదటిసారి చూచుచుండెను.

నాటి రాత్రి కోరుట్లలో ఆమె ఆ పాత చిత్రమును మరల పెట్టెను. తల్లి చేట ప్రక్కన పెట్టి వచ్చి కూర్చుండెను. కొండ ఎక్కు దృశ్యము వచ్చినది. అది నిజము కాదని ఆమెకు తెలియును, తండ్రికిని తెలియును. అయినను ఇద్దరును కడవరకు చూచిరి. నిజము తెలిసినందువలన ఆ ప్రేమ తగ్గలేదు. అందరును కలిసి పోవలెనను కోరిక మాత్రము కల్ల కాదు కదా!

ప్రశ్నలు

1. కోరుట్ల, సిరిసిల్ల పట్టణముల జనుల జీవనాధారములను వర్ణింపుము.

2. చిత్రములోని కథకును, ఫాన్ ట్రాప్ కుటుంబపు అసలు చరిత్రకును గల భేదము లేవి?

3. రెసిడెంజ్ చౌకములోని స్మారక చిహ్నము దేనిని తెలుపును? దానిని నలుగురు నడచు చోట నిలుపుటలో ఉద్దేశమేమి?

4. "నీకు ఆ కొండ ఇష్టము కదా" అని తండ్రి యనుటలోని భావమును వివరింపుము.

5. మీ ఊరిలోని పాత కట్టడ మొకదానిని గూర్చి పెద్దలను అడిగి తెలిసికొని ఒక పుట వ్రాయుము.